పైనుంచి ఏం కనబడ్తది

ఆండాలుకు విమానంలో ఉద్యోగం వచ్చిన సంగతి సూర్యాపేటలో అందరికంటే ముందు వాళ్ళ నాయన బస్సు ఎక్కినవాళ్ళకు తెలిసింది. మట్టయ్య సూర్యాపేట నుంచి నకిరేకల్, నల్లగొండ మీదుగా మిర్యాలగూడెం పోయే సర్వీసు నడిపేవాడు. వెనక్కి తిరగకుండా, ఎదురుగా ఉన్న అద్దానికి చెబుతున్నట్టుగా ఆ కబురు చెప్పేవాడు. బిడ్డ హైదరాబాదులో ఇంటర్ దాకా చదివిందని, పోయినేడు పిల్లలందరూ నిజాంకు ఎదురు తిరిగి కాలేజీలు వదిలి బయటికి వచ్చినప్పుడు తనూ వదిలేసిందని, ఊరికే కూర్చోకుండా విమానాల కంపెనీకి అర్జీ పెట్టుకుందని, అంతమందిలో ఆరుగురిని తీసుకుంటే వాళ్ళలో ఒకతి అయిందని చెప్పేవాడు. విమానంలో ఆడపిల్లకేం పని అని ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవారు.

"ఎక్కినోళ్ళకు నీళ్ళిస్తది, చాయిస్తది, భయపడ్డోళ్ళకు ధైర్యం జెప్తది," అనేవాడు మట్టయ్య. "నేను జేసే పనే. నాది కింద, దానిది మీద."

అది 1948 ఎండాకాలం. ఆండాలుకు అప్పటికి ఇరవై ఏళ్ళు. ఆమెకు ఇంగ్లీషు అబ్బింది కోదాడలో. మేనమామ రామలింగయ్య బెజవాడ నుంచి ఇంగ్లీషు పత్రిక తెప్పించుకుని, సెలవులకు వచ్చిన మేనకోడలి చేత ఆ మూల నుంచి ఈ మూల దాకా గట్టిగా చదివించేవాడు. అర్థం కాకపోయినా ఫరవాలేదు, నోరు తిరగాలి అనేవాడు. ఉర్దూ బడిలో వచ్చింది, తెలుగు ఇంట్లో వచ్చింది. బేగంపేటలో పరీక్ష పెట్టినవాళ్ళు మూడు భాషల్లోనూ మాట్లాడించి, బరువు తూచి, ఎత్తు కొలిచి, నవ్వమన్నారు. ఆమె నవ్వింది. అంతే.

శిక్షణ మొదటి రెండు నెలలూ బాగానే గడిచింది. చెవుల్లో పెట్టుకునే దూది ఎప్పుడివ్వాలి, నోట్లో వేసుకునే పిప్పరమెంటు ఎప్పుడివ్వాలి, వాంతి వచ్చేవాళ్ళ ముఖం ఎలా మారుతుంది, ఇవన్నీ మిస్ హిల్డా అనే పెద్దామె నేర్పింది. జూలై మొదట్లో ఒక గురువారం ఆండాలు మొదటిసారి ఎగరాలని రాసి పెట్టారు. ఆ గురువారం రాకముందే ఇండియా సర్కారుకూ నిజాం సర్కారుకూ మాటలు తెగిపోయాయి. విమానాలు ఆగిపోయాయి.

ఇక ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. మిస్ హిల్డా మాత్రం శిక్షణ ఆపలేదు. రోజూ పొద్దున ఆ ఆరుగురు అమ్మాయిలనూ నిలిచిపోయిన విమానంలోకి ఎక్కించేది. తోక కింద ఉన్న చిన్న చక్రం మీదా, ముందున్న రెండు పెద్ద చక్రాల మీదా నిలబడే విమానం అది. అందుకని నేల మీద ఉన్నప్పుడు దాని ముక్కు ఆకాశం వైపు లేచి ఉండేది. లోపల నడవాలంటే గుట్ట ఎక్కినట్టే. ఆండాలు చేతిలో పళ్ళెం పట్టుకుని, ముందుకు వంగి, ఖాళీ కుర్చీల మధ్య ఎక్కుతూ పోయేది. ఒక్కో కుర్చీ దగ్గరా ఆగి, లేని మనిషిని చూసి నవ్వి, ఇంకొంచెం కావాలా అని అడిగేది.

కొన్నాళ్ళకు మిగతావాళ్ళకు విసుగొచ్చింది. వాళ్ళు రెక్క నీడన కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు. ఆండాలు మాత్రం లోపలే ఉండేది. వానాకాలం. రేకు మీద చినుకులు పడుతుంటే లోపలంతా సన్నగా మోగేది. అద్దం అవతల తడిసిన గడ్డి, దాని మీద ఎవరివో రెండు మేకలు. ఆమె కిటికీ పక్క కుర్చీలో కూర్చుని కళ్ళు సగం మూసేది. గడ్డి కిందికి జారిపోయేది. మేకలు చుక్కలయ్యేవి. మబ్బులు దూదేకుల సాయిబు ఏకిన పత్తిలా రెక్కల కింద పరుచుకునేవి. వాటి సందుల్లోంచి మూసీ వెండి తీగలా కనిపించేది. కళ్ళు తెరిచేసరికి మళ్ళీ మేకలు. ఆ నెల రోజులూ తాను ఎక్కడెక్కడికి పోయి వచ్చిందో ఆమెకే లెక్క లేదు.

ఆగస్టులో కంపెనీ వాళ్ళు, మళ్ళీ పిలిచినప్పుడు రమ్మని చెప్పి అందరినీ ఇళ్ళకు పంపేశారు.

సూర్యాపేటలో బస్సు దిగిన ఆండాలు, నాయనకు నిజం చెప్పాలనే అనుకుంది. అక్కడ మట్టయ్య ఒక్కడే లేడు. ఆయనతో పాటు పదిహేను మంది ఎదురుచూస్తున్నారు. మట్టయ్య బిడ్డ పెట్టె అందుకుని, అందరికీ వినబడేట్టు అడిగాడు.

"జర చెప్పు బిడ్డా. పైనుంచి ఎట్లుంటది?"

ఆయన ముఖం చూసింది ఆండాలు. నోటిదాకా వచ్చిన మాట మింగేసింది.

"మంచిగుంటది నాయినా," అంది.

అక్కడితో ఆగిపోయి ఉంటే బాగుండేది. ఆగలేదు. ఆ రోజుల్లో మునగాల వైపు దారి మూసేశారు. కోదాడకు పోయే బస్సులు లేవు. మిర్యాలగూడెం సర్వీసు కూడా వారానికి రెండుసార్లే నడిచేది. దారిలో ఎక్కడైనా రోడ్డు తవ్వేసి ఉంటే ప్రయాణికులే దిగి మట్టి నింపేవారు. రోడ్డు మీద రజాకార్ల బూట్ల చప్పుడు వినబడితే బస్సులో ఎవరూ గట్టిగా ఊపిరి తీసుకునేవారు కారు. ఇంట్లో కూర్చుని ఏం చేస్తవ్ అని మట్టయ్య బిడ్డను బస్సులో తన వెనక సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకుపోయేవాడు. తల్లి నర్సమ్మ వద్దనేది, మొగుడు వినేవాడు కాదు. జనం భయపడినప్పుడల్లా మట్టయ్య అద్దంలోకి చూసి, విమానం సంగతి చెప్పు బిడ్డా అనేవాడు. ఆండాలు చెప్పేది.

చెబుతున్న కొద్దీ అబద్ధమనే ఊహే పోయింది. నిలిచిపోయిన విమానంలో నెల రోజులు చూసిందే చెప్పింది. మబ్బులు చెప్పింది, వెండి తీగలాంటి మూసీ చెప్పింది. విమానం ఎప్పుడూ పైకి ఎక్కుతూనే ఉంటుందని, లోపల నడవడమంటే గుట్ట ఎక్కడమేనని చెప్పింది. బస్సులో వాళ్ళు గుంతలు మరిచిపోయి వినేవారు. ఒక ముసలాయన మబ్బుకు వాసన ఉంటుందా అని అడిగితే, కొత్త కుండలో నీళ్ళ వాసన వస్తుందని చెప్పింది. ఆయన తల ఊపి కళ్ళు మూసుకున్నాడు.

మాడుగులపల్లి దగ్గర ఎప్పుడూ ఒక లంబాడీ ఆమె ఎక్కేది. పేరు పుష్పాబాయి. అక్కడికి కోసెడు దూరంలో వాళ్ళ తండా. వారం వారం మిర్యాలగూడెంలో తాలూకా కచేరీకి పోయి, ఒకే మాట అడిగి వచ్చేది. ఆమె కొడుకు దస్రు చైత్రంలో ఎడ్లను మేపడానికి పోయాడు. సాయంత్రానికి ఎడ్లు వచ్చాయి, అతను రాలేదు. పోలీసులు పట్టుకుపోయారని కొందరన్నారు, కమ్యూనిస్టుల సంఘంలో కలిశాడని కొందరన్నారు. కచేరీలో ఎవరూ ఏమీ చెప్పేవారు కారు.

పుష్పాబాయి మూడు వారాలు ఆండాలు మాటలు విన్నది, ఒక్క మాటా అడగలేదు. నాలుగో వారం మిర్యాలగూడెంలో అందరూ దిగిపోయాక, మట్టయ్య ఇంజన్లో పోయడానికి నీళ్ళకని చేదబావి దగ్గరికి పోయాక, వచ్చి ఆండాలు పక్కన కూర్చుంది. చేతుల నిండా ఉన్న గాజులను మోచేతి దాకా ఎగదోసుకుంది.

"బిడ్డా, మూసీ కనబడ్తదంటివి. మావోడు ఏడన్న కనబడ్డడా?"



"వాని తలకు ఎర్ర రుమాలు ఉంటది," అంది పుష్పాబాయి. "నేనే కట్టిన. అంత మీదికెల్లి సూస్తే ఎర్రది జల్ది కండ్లవడ్తది గదా. ఈసారి పోయినప్పుడు జర సూడు. గుట్టలల్ల సూడు, ఏటి పొంటి సూడు."

అవతల కచేరీ గోడ మీద ఎండ పడుతోంది. ఎవరిదో గుర్రం తోక విసురుకుంటోంది. ఆండాలు చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత పుష్పాబాయి వైపు తిరిగింది.

"అవ్వా, నేనింత వరకు ఎగరనే లేదు," అంది. "ఒక్కసారి గూడ. నేను ఎగరాల్సిన వారమే విమానాలు బందయినయి. గవన్నీ నేను కింద కూసొని అనుకున్నయి."

ఆండాలుకు ఏడుపు వచ్చింది. పుష్పాబాయి ఆమె ముఖంలోకి చూస్తూనే ఉంది. కోపంగా కాదు, ఎద్దు కాలికి ముల్లు గుచ్చుకుంటే ఎక్కడ గుచ్చుకుందో వెతుకుతున్నట్టుగా.

"మంచిగనే అనుకున్నవ్," అంది చివరికి. "మొన్న మబ్బుల ముచ్చట జెప్పినవ్ జూడు, ఆ రాత్రి నిద్ర పట్టింది నాకు." ఆగి, లేచి నిలబడి మళ్ళీ అంది. "ఎగిరిన నాడు సూడు. సూసి నాకు నిజం జెప్పు. అనుకొని చెప్పకు."

తిరుగు ప్రయాణంలో ఆండాలు నాయనకూ చెప్పేసింది. నల్లగొండ దాటిన తర్వాత, బస్సులో నలుగురే మిగిలినప్పుడు, ఆయన వీపు చూస్తూ చెప్పింది. మట్టయ్య దారి చూస్తూ మూడు మైళ్ళు పోనిచ్చాడు. ఒకచోట గేరు మార్చి, గొంతు సవరించుకున్నాడు.

"నాకప్పుడే అనుమానమొచ్చింది," అన్నాడు. "ఎంతసేపు ఎక్కుడే అంటివి. అంతసేపు ఎక్కితే ఇంజన్ కాగదా? ఇగ దిగుడు ఎప్పుడుంటది అనుకున్న."

ఆండాలు నవ్వాలో ఏడవాలో తెలియక చేతుల్లో ముఖం దాచుకుంది. ఆ మరుసటి ట్రిప్పులో ఎవరో విమానం ముచ్చట అడిగితే, మట్టయ్య అద్దంలోకి చూసి స్థిమితంగా చెప్పాడు. "ఇంకా ఎగరలేదు. ఎగుర్తది." ఎవరూ నవ్వలేదు. అంతకుముందు చెప్పిందంతా ఏమిటని కూడా ఎవరూ అడగలేదు. ఆ ముసలాయనకు మాత్రం కొంచెం నిరాశ కలిగినట్టుంది.

సెప్టెంబరు పదమూడున ఇండియా సైన్యం బెజవాడ వైపు నుంచి కోదాడ మీదుగా కదిలింది. సూర్యాపేట వాళ్ళు మొదటిసారి దగ్గర నుంచి విమానాలను చూసింది అప్పుడే. చిన్నవి, చాలా కిందుగా వచ్చాయి. ఇళ్ళ కప్పులు అదిరాయి. నర్సమ్మ బిడ్డను గాదె వెనక్కి లాక్కుని గట్టిగా పట్టుకుంది. ఎక్కడో దూరంగా బాంబు పడి నేల కదిలింది. ఇరుగింటామె గోడ అవతల నుంచి, నీ విమానాలేనా ఆండాలూ అని అడిగింది. కాదు అని చెప్పింది ఆండాలు. ఆమెకు దూదీ, పిప్పరమెంట్లూ, ఖాళీ కుర్చీలూ గుర్తొచ్చాయి. ఆకాశంలో పోయేవన్నీ ఒకటి కావని ఆ మధ్యాహ్నం గాదె చీకట్లో ఆమెకు అర్థమైంది.

నాలుగైదు రోజుల్లో అంతా ముగిసింది. మూసీ మీద వంతెన కూలిపోతే దాని పక్కన ఇసుకలోనే బండ్ల దారి వేశారు. కోదాడ దారి తెరుచుకుంది. కానీ నల్లగొండ పల్లెల్లో నెమ్మది రాలేదు. సైన్యం గుట్టల్లో సంఘం వాళ్ళ కోసం వెతకడం మొదలుపెట్టింది. దస్రు బతికే ఉన్నాడని, కృష్ణ ఒడ్డున ఏదో గుట్టల్లో ఉన్నాడని తండాకు కబురు వచ్చింది. పుష్పాబాయి కచేరీకి పోవడం మానేసింది.

జనవరిలో కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. పోయే ముందు నర్సమ్మ కూతురిని కోదాడ తీసుకుపోయి అన్నకు చూపించింది. రామలింగయ్య ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"పైకెళ్ళాక కంగారుపడకమ్మా," అన్నాడు. "నీ పని నువ్వు చూసుకో. ఆకాశం సంగతి అదే చూసుకుంటుంది."

అలాగే జరిగింది. మొదటి ప్రయాణం మద్రాసుకు. పొద్దున విమానం పరుగెత్తుతుంటే తోక పైకి లేచింది, నేల విడిచింది. కాసేపటికి ఆండాలు పళ్ళెం పట్టుకుని లేచి, అలవాటు ప్రకారం ముందుకు వంగి ఎక్కుతున్నట్టు అడుగు వేసింది. ఎక్కడానికి అక్కడ గుట్ట లేదు. ఆకాశంలో లోపలంతా ఇంటి వసారాలా చదునుగా ఉంది. ఆమె తూలి, షేర్వాణీ వేసుకున్న ఒక పెద్దాయన భుజం పట్టుకుని నిలదొక్కుకుంది. ఆయన ఆరామ్‌సే బేటీ అని పళ్ళెం చేత్తో ఆపాడు. తర్వాత ఒక తల్లికి వాంతి వచ్చింది, ఆమె బిడ్డ ఏడ్చింది. ఆండాలు ఆ బిడ్డను ఎత్తుకుని అటూ ఇటూ తిప్పుతూ, ఇంకొకరికి దూది ఇస్తూ, మరొకరికి నీళ్ళు పోస్తూ ఉంటే గంట గడిచింది. ఆమె కిటికీలోంచి చూసేసరికి కింద సముద్రపు ఒడ్డు కనిపించింది. నల్లగొండ ఎప్పుడో వెనకబడిపోయింది. తన ఊళ్ళ మీద నుంచి పోతూ ఒక్కసారి కూడా కిందికి చూడలేదు.

మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో జనం తక్కువ. అందరూ తిని నిద్రపోయారు. ఆండాలు చివరి కిటికీ దగ్గర నిలబడింది. కృష్ణ దాటింది. అక్కడి నుంచి తన నేల.

ఆమె అనుకున్నట్టు ఏదీ లేదు. మబ్బులు పత్తిలా లేవు, పొయ్యి మీద పొగలా పలచగా చెదిరి ఉన్నాయి. మూసీ వెండి తీగలా లేదు. ఎండిన ఇసుక చార, దాని మధ్య ఎక్కడో తడి. కానీ ఆమె అనుకోనిది ఒకటి కనిపించింది. కింద చెరువులు. పదులు, వందలు. ఇంత నేలలో ఇన్ని చెరువులున్నాయని ఆమెకు తెలియదు. విమానం పోతున్నకొద్దీ సూర్యుడు ఒక చెరువులో దూకి, భగ్గుమని వెలిగి, ఆరిపోయి, పక్క చెరువులో లేచాడు. అక్కడ ఆరి ఇంకో దాంట్లో. ఎవరో దీపం పట్టుకుని ఊరి నుంచి ఊరికి పరుగెత్తుతున్నట్టుగా వెలుగు ఆమెతో పాటు వచ్చింది. ఆండాలు ఊపిరి బిగబట్టి చూసింది. అది తన ఊహ కాదు. ఊహించుకుని ఉంటే ఇలా వచ్చేది కాదు.

తర్వాత గుట్టలు చూసింది. ఏటి వెంట చూసింది. ఎర్రటి చుక్క కోసం కళ్ళు నొప్పి పుట్టేదాకా వెతికింది. మనుషులు లేరు. ఎడ్లు లేవు. ఇళ్ళే లెక్కకు రాలేదు.

వారం తర్వాత సెలవు దొరికితే ఆమె మట్టయ్య బస్సులో మాడుగులపల్లి దాకా పోయి దిగింది. నాయన బస్సు ఆపి బీడీ వెలిగించుకున్నాడు, ప్రయాణికులు ఎవరూ తొందరపెట్టలేదు. పుష్పాబాయి ముందే కబురంది రోడ్డు దాకా వచ్చి ఉంది.

"ఎగిరినవా?"

"ఎగిరిన."

"అనుకోకుంట చెప్పు."

ఆండాలు చెప్పింది. చెరువుల సంగతి చెప్పింది. విమానం లోపల చదునుగా ఉన్న సంగతి చెప్పింది. తర్వాత, మనిషి కనబడడు అవ్వా అని చెప్పింది.

"ఎర్ర రుమాలు?"

"కనబడదు. చెట్టే కనబడదు. అడవంత కలిసి ఒక్క మరక తీర్గ ఉంటది."

పుష్పాబాయి ముఖంలో ఏదో కదిలింది. బాధ అనుకుంది ఆండాలు. కాదు. ఆమె ఇంకా దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది.

"మరి సైన్యపోళ్ళకు?"

అప్పుడు అర్థమైంది ఆండాలుకు, కొడుకు ఎవరికీ కనబడకపోవడమే ఇప్పుడు ఆమెకు కావాలని. కనబడదని చెప్పేస్తే ఆమె ఎంత తేలికపడుతుందో తెలుసు. సెప్టెంబరులో ఇంటి కప్పుల మీద నుంచి పోయిన విమానాలూ గుర్తున్నాయి.

"మా అంత ఎత్తున ఉంటే ఎవ్వరికీ కనబడడు," అంది. "గిట్ల కిందికి వస్తే ఏం కనబడ్తదో నాకు తెల్వదు. నేను సూడలేదు."

పుష్పాబాయి ఆ మాటను లోపల తూచుకున్నట్టు కాసేపు నిలబడింది.

"గంత సాలు," అంది. ఆండాలు తల మీద చెయ్యి పెట్టి, గాజులు గలగలమంటుండగా తండా వైపు నడిచింది.

ఆ ఏడాదంతా ఆండాలు సోమవారం, గురువారం మద్రాసు విమానంలో పోయింది. ఎంత పని ఉన్నా కృష్ణ దగ్గరకు వచ్చేసరికి ఒక్క నిమిషం కిటికీ దగ్గర నిలబడేది. వెతకడానికి కాదు, ఊరికే.

దస్రు ఏడాది చివర్లో వచ్చాడు. సన్నబడి, గడ్డం పెరిగి, ఒక తెల్లవారుజామున తండాకు నడిచొచ్చాడు. కేసులూ కచేరీలూ కొన్నాళ్ళు నడిచి అవీ సద్దుమణిగాయి. ఆండాలు చూడటానికి పోయినప్పుడు అతను గడపలో కూర్చుని ఎద్దు పలుపు పేనుతున్నాడు. ఎవరో ఆమె ఏం పని చేస్తుందో చెప్పారు. అతను తల ఎత్తి చూశాడు.

"పొద్దుగాల ఒకటి పోతది గదా దక్షిణానికి," అన్నాడు. "ముందుగాల దాని మోత ఇనంగనే చెట్ల కిందికి ఉరికేటోన్ని. బొక్కబోర్ల పండి మోత పోయేదాక లేవకపోతుంటి. తర్వాత్తర్వాత గుర్తువట్టిన. అది మమ్ముల ఎతికేది కాదని తెలిసింది. ఇగ అది పోతుంటే బయటికొచ్చి నిలబడి సూసేటోన్ని. అప్పుడు గీ రోజుకైతే ఇంకా మాకేం గాలేదు అనిపిస్తుండె."

తండాలో ఎవరో జొన్నలు దంచుతున్నారు.

"సోమవారం, బేస్తారం నేనే ఉంటుంటి అందుల," అంది.

దస్రు నవ్వాడు. ఏ కిటికీ దగ్గర నిలబడేదానివని అడిగాడు. చివరిది, ఎడమ పక్క అని చెప్పింది. అతను తల ఊపి, పలుపు కొనను కాలి వేళ్ళ మధ్య బిగించి పేనడం మొదలుపెట్టాడు.